మిర్చి కూలీ ఊపిరితిత్తిలో ఫంగస్ ఉండ: జన్యు రిపోర్టును ఎంతవరకు నమ్మాలి? ఒక కేస్ స్టడీ

2024 జనవరి చివరి వారం. ఓపీ ముగిసే వేళకు ఒకావిడ లోపలికొచ్చి, కొంగు ముడి విప్పి, మడత పెట్టిన చేతిగుడ్డ తీసి నా టేబుల్ మీద పెట్టింది. దాని మీద ఎండిన రక్తపు మరకలున్నాయి. ఒకటి మాత్రం ఇంకా తడిగానే ఉంది. "మళ్ళ నెత్తురు పడ్డది సారూ" అంది.

వయసు 46. బరువు 38 కిలోలు. నర్సంపేట వైపు ఒక ఊరు. మిర్చి సీజన్‌లో కాయ ఏరడానికి, తర్వాత కల్లంలో తాలు వేరు చేయడానికి కూలికి పోతుంది. మిగతా రోజుల్లో నాట్లు, పత్తి ఏరుడు. భర్త లేడు. కొడుక్కి నర్సంపేటలో మోటర్ వైండింగ్ షాపుంది. ఇద్దరూ ఒప్పుకున్నాకే ఈ కేసు రాస్తున్నాను. వాళ్ళ పేర్లు, ఊరి పేరు వదిలేశాను.

నేను హనుమకొండలో ఛాతీ వైద్యం చేస్తాను. రోజూ చూసే కేసుల్లో సగం దగ్గు, ఆయాసం, టీబీ, టీబీ మిగిల్చిన బాధలే. ఈ కేసు అలాగే మొదలైంది. కానీ మధ్యలో ఒక జన్యు రిపోర్టు వచ్చి మమ్మల్ని తప్పుదారిలోకి లాగబోయింది. ఆ రిపోర్టును ఎలా చదవాలో నేను కూర్చుని నేర్చుకోవాల్సి వచ్చింది. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను.

పాత కథ

ఆమెకు 2017లో టీబీ వచ్చింది. తెమడలో క్రిములు దొరికాయి. ఆరు నెలలు ప్రభుత్వ మందులు ఒక్క రోజు తప్పకుండా వాడింది. నయమైందని రాసిన కార్డును ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇప్పటికీ దాచుకుంది. 2022లో దగ్గులో మొదటిసారి రక్తం పడింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రేలో కుడి పైభాగంలో నీడ చూసి, తెమడలో టీబీ రుజువు కాకముందే మళ్ళీ ఆరు నెలల కోర్సు పెట్టారు. కొన్నాళ్ళు తగ్గినట్టే ఉంది. మళ్ళీ మొదలైంది.

టీబీ నయమయ్యాక ఊపిరితిత్తిలో ఒక్కోసారి బొక్క మిగులుతుంది. మేము దాన్ని క్యావిటీ అంటాం. అది ఖాళీ గదిలాంటిది. ఆ గదిలోకి గాలితో పాటు ఫంగస్ బీజాలు వెళ్ళి స్థిరపడితే నెమ్మదిగా ఉండ కడతాయి. చుట్టూ ఉన్న రక్తనాళాలు ఉబ్బి, దగ్గినప్పుడు చిట్లుతాయి. దగ్గు, రక్తం, బరువు తగ్గడం, నీరసం అన్నీ టీబీలాగే ఉంటాయి. ఎక్స్‌రే కూడా పాత టీబీదే. అందుకే మళ్ళీ మళ్ళీ టీబీ మందులు రాస్తారు. టీబీ తర్వాత ఇలా దీర్ఘకాలిక ఆస్పర్‌జిల్లోసిస్‌తో, అంటే ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ తెచ్చే జబ్బుతో బతుకుతున్నవాళ్ళు ప్రపంచంలో సుమారు 12 లక్షల మంది ఉంటారని 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ఒక అంచనా వచ్చింది. టీబీ ఇంత ఎక్కువగా ఉన్న మన దేశంలో ఈ జబ్బు గురించి ఇంత తక్కువ మాట్లాడుకోవడం నాకు బాధగా ఉంటుంది.

సీటీ తీయించాం. కుడి పై లోబ్‌లో నాలుగు సెంటీమీటర్ల క్యావిటీ, లోపల గుండ్రటి ముద్ద, దాని నెత్తిన నెలవంకలా సన్నటి గాలి చార కనిపించాయి. ఆమెను బోర్లా పడుకోబెట్టి ఇంకోసారి తీస్తే ఆ ముద్ద కిందికి జారింది. కణితి అయితే అలా జారదు. తెమడలో టీబీ క్రిమి జన్యువును వెతికే సీబీనాట్ పరీక్ష రెండుసార్లు నెగెటివ్. కల్చర్‌కు కూడా పంపాం. రక్తంలో ఆస్పర్‌జిల్లస్ ఐజీజీ, అంటే ఆ ఫంగస్ మీద ఒళ్ళు తయారుచేసే యాంటీబాడీ, 118 వచ్చింది. దాటితే ఈ జబ్బని అనుమానించాలని చండీగఢ్ వైద్యులు మన రోగుల కోసం సూచించిన హద్దు 27. ఇక అనుమానం లేదు.

ఆపరేషన్ చేసి ఆ లోబ్ తీసేస్తే మంచిదే. కానీ ఎడమ వైపు కూడా పాత మచ్చలున్నాయి. శ్వాస పరీక్షలో ఊపిరి సగానికి తక్కువే. హైదరాబాద్‌లో సర్జన్‌ను సంప్రదిస్తే ఆయన కూడా వద్దన్నారు. ఫంగస్ మందు ఇట్రాకొనజోల్ 200 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, రక్తం పడినప్పుడు ట్రానెక్సామిక్ యాసిడ్ మొదలుపెట్టాం. మొదటి నెల తర్వాత వచ్చినప్పుడు అంతా మామూలుగానే అనిపించింది.

ఏప్రిల్ చివర వచ్చేసరికి బరువు 36 కిలోలు. రక్తం ఆగలేదు. మార్చిలో ఒక రాత్రి చాలా ఎక్కువగా పడితే పక్క ఊళ్ళో చూపించుకున్నామని అంది. "గోలీలు సరిగా వేసుకుంటున్నారా అమ్మా?" అని అడిగాను. "అన్నీ ఏసుకుంటున్న సారూ, ఒక్కటి గూడ ఇడిసిపెట్టలే" అంది. "అన్నీ" అన్న మాట దగ్గర నేను ఆగాల్సింది. ఆగలేదు.

పొలంలోని మందు, ఊపిరితిత్తిలోని మందు

మూడు నెలలైనా ఇట్రాకొనజోల్ పని చేయకపోతే నా మనసు వెంటనే ఒక భయం వైపు పోయింది. అది ఊరికే వచ్చిన భయం కాదు.

ఇట్రాకొనజోల్, వొరికొనజోల్ లాంటి మందుల్ని అజోల్స్ అంటారు. ఫంగస్ తన కణపు పొర కోసం ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థాన్ని తయారు చేసుకుంటుంది. ఆ తయారీలో ఒక మెట్టును నడిపే ఎంజైమ్‌ను అజోల్స్ పట్టుకుని ఆపేస్తాయి. ఆ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు పేరు సైప్51ఏ. మా ప్రాంతపు మిర్చి రైతు బూడిద తెగులుకు, కాయకుళ్ళుకు కొట్టే టెబ్యుకొనజోల్, వరి రైతు పాముపొడకు కొట్టే హెక్సాకొనజోల్, ప్రొపికొనజోల్ ఈ కుటుంబానివే. పనిచేసే పద్ధతీ అదే. ఆస్పర్‌జిల్లస్ ఫ్యుమిగేటస్ మిరప మొక్కకు జబ్బు చేసే ఫంగస్ కాదు. పెంటకుప్పలో, కుళ్ళిన గడ్డిలో, తడిసిన పంట కుప్పల్లో బతుకుతుంది. కానీ ఆ మందు తుంపర దాని మీదా పడుతుంది. మందుకు చావని రకాలు అక్కడే పెరిగి, రెండు మూడు మైక్రాన్ల బీజాలుగా గాల్లోకి లేస్తాయి. తాలు కాయ గంపలో పోసి చెరిగేటప్పుడు లేచే దుమ్ము చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఇలాంటి మొండి రకాల్లో ఎక్కువగా తెలిసినది టీఆర్34/ఎల్98హెచ్. మొదట నెదర్లాండ్స్‌లో బయటపడింది. 2012లో మన దేశంలోనూ వరి పొలాల మట్టిలో, తేయాకు తోటల్లో, ఆసుపత్రి గాలిలో కూడా దొరికిందని ఢిల్లీ పరిశోధకులు ప్రచురించారు. 2022 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాదకర ఫంగస్‌ల జాబితా విడుదల చేస్తే, అత్యంత కీలకమైన మొదటి వర్గంలోని నాలుగింటిలో ఆస్పర్‌జిల్లస్ ఫ్యుమిగేటస్ ఒకటి.

ఆమె పనిచేసే చేను, ఆమెకు ఇస్తున్న మందు ఒకే కుటుంబం. అందుకే మే మొదట్లో బ్రాంకోస్కోపీ చేసి, అంటే ఊపిరితిత్తిలోకి సన్నటి గొట్టం పంపి, క్యావిటీ దగ్గరి ద్రవం తీశాం. మా ల్యాబ్‌లో మూడో రోజుకే ప్లేట్ మీద పొగ రంగు కలిసిన నీలిపచ్చ మఖమల్ పరిచినట్టు కాలనీ వచ్చింది. ఆస్పర్‌జిల్లస్ ఫ్యుమిగేటస్. దాన్ని బయటి రిఫరెన్స్ ల్యాబ్‌కు పంపి రెండు పరీక్షలు అడిగాను. ఒకటి, ఏ మోతాదు మందుకు ఈ ఫంగస్ పెరగడం ఆగుతుందో చూసే పరీక్ష, అంటే ఎంఐసీ. రెండోది, సైప్51ఏ జన్యువును అక్షరం అక్షరం చదివే సీక్వెన్సింగ్.

రిపోర్టు ముందుగా వాట్సాప్‌లో వచ్చింది

ఎంఐసీ పరీక్ష ఒకసారి సరిగా రాక మళ్ళీ పెట్టారు. ఈలోగా జన్యు రిపోర్టు వచ్చేసింది. నాకంటే ముందు కొడుకు ఫోన్‌కే వచ్చింది. రాత్రి పదింటికి ఫోన్ చేశాడు. "సార్, అమ్మ ఫంగస్‌ల మ్యుటేషన్ ఉన్నదట. నెట్‌ల చూసిన. మందు పనిచెయ్యదని రాసిండ్రు." గొంతులో వణుకు తెలుస్తోంది.

రిపోర్టులో మూడు మార్పులు రాసున్నాయి: ఎఫ్46వై, ఎం172వి, ఈ427కే. అంటే ఆ ఎంజైమ్‌లో 46, 172, 427 స్థానాల్లో ఉండాల్సిన అమైనో ఆమ్లాలకు బదులు వేరేవి ఉన్నాయి. కింద "మ్యుటేషన్లు గుర్తించబడ్డాయి" అని ముద్ద అక్షరాల్లో ఉంది. అవి ఏం చేస్తాయో మాత్రం రాయలేదు.

నిజం చెప్పాలంటే నాకూ టెన్షన్ వచ్చింది. మరుసటి రోజు పొద్దున వొరికొనజోల్ రాయడానికి కలం తీశాను. నెలకు దానికయ్యే ఖర్చు ఆ ఇంటికి చాలా బరువు. ఒకే కుటుంబం మందు కాబట్టి ఇట్రాకొనజోల్‌కు లొంగని ఫంగస్ దానికీ లొంగకపోవచ్చు. ఆ తర్వాత మిగిలేది సెలైన్‌లో ఎక్కించే యాంఫోటెరిసిన్. దానికి కిడ్నీల భయం. ఇంత దూరం పోయే ముందు ఒక ప్రశ్నకు జవాబు కావాలి: ఈ మూడు మార్పులు నిజంగా మందును ఆపుతున్నాయని ఎవరైనా రుజువు చేశారా?

కొడుకును కూర్చోబెట్టి అదే మాట చెప్పాను. అతనికి అర్థమయ్యేలా చెప్పే ప్రయత్నంలో నాకే ఇంకా స్పష్టమైంది.

"తమ్మీ, బోరు మోటర్ నడుస్తలేదని రైతు వస్తే నువ్వేం చేస్తవ్?"

"స్టార్టర్ డబ్బా విప్పి చూస్త సార్. కెపాసిటర్ మీద అనుమానం ఉంటే మంచి మోటర్‌ది ఊడదీసి ఇండ్ల పెట్టి చూస్త. నడిస్తే పాత కెపాసిటరే దొంగ."

"కెపాసిటర్ మీద గీత పడ్డట్టు కనిపిస్తే చాలదా?"

"చాలది సార్. గీతలున్నయి కూడ మస్తు నడుస్తయి. మార్చి చూడాలె."

సరిగ్గా ఇదే. సీక్వెన్సింగ్ గీతను చూపిస్తుంది. ఆ గీతే దొంగ అని తేలాలంటే మార్చి చూడాలి. ఫంగస్‌లో ఒక్క అక్షరాన్ని మార్చి చూసే పద్ధతే జన్యు సవరణ, జీన్ ఎడిటింగ్. అనుమానమున్న మార్పును మందుకు లొంగే మంచి ఫంగస్‌లో పెడితే అది మొండిదవుతుందా? మొండి ఫంగస్‌లో ఆ మార్పును సరిచేస్తే అది మళ్ళీ మందుకు లొంగుతుందా? రెండూ జరిగితే నేరం రుజువైనట్టే.

ఆ మార్చి చూడటం ఎలా జరుగుతుంది

ఇది నేను చేసే పని కాదు, చదివి తెలుసుకున్నది. కానీ దీన్ని అర్థం చేసుకోవడానికి పెట్టిన సమయం నా ప్రాక్టీస్‌లో బాగా ఉపయోగపడింది.

ఫంగస్ కణానికి గట్టి గోడ ఉంటుంది. బయటి నుంచి ఏదీ సులువుగా లోపలికి పోనివ్వదు. అందుకని ముందు బీజాల్ని మొలకెత్తించి, గోడను తినే ఎంజైమ్‌లు వేసి ఆ గోడను కరిగిస్తారు. గోడ పోయాక మిగిలేవి పలుచటి పొరతో గుండ్రటి బుడగల్లాంటి కణాలు. వాటిని ప్రోటోప్లాస్ట్‌లు అంటారు. మామూలు నీళ్ళలో వేస్తే ఉబ్బి పగిలిపోతాయి. అందుకే సార్బిటాల్ లాంటి చిక్కటి ద్రావణంలో ఉంచుతారు. అప్పుడు మూడు వస్తువులు కలుపుతారు: డీఎన్ఏను కత్తిరించే క్యాస్9 ప్రోటీన్, ఎక్కడ కత్తిరించాలో చూపించే 20 అక్షరాల గైడ్ ఆర్ఎన్ఏ, కత్తిరించిన చోట అతుక్కోవాల్సిన కొత్త డీఎన్ఏ ముక్క. ఆ ముక్కలో మనకు కావాల్సిన మార్పుతో పాటు హైగ్రోమైసిన్ అనే మందును తట్టుకునే జన్యువునూ జోడిస్తారు. తర్వాత హైగ్రోమైసిన్ కలిపిన ప్లేట్ మీద పోస్తే, మార్పు చేరినవే బతికి కాలనీలు కడతాయి. వాటి జన్యువును మళ్ళీ చదివి, మార్పు సరైన చోట కూర్చుందని తేల్చుకున్నాకే మందు పరీక్ష.

ఈ కత్తెర పద్ధతి పేరు క్రిస్పర్-క్యాస్9. దాన్ని 2012లో చూపించిన జెన్నిఫర్ డౌడ్నా, ఎమ్మాన్యుయెల్ షార్పాంటియే ఇద్దరికీ 2020లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. 2015లో కాండిడా ఆల్బికాన్స్‌లో, అదే ఏడాది ఆస్పర్‌జిల్లస్ ఫ్యుమిగేటస్‌లో ఈ పద్ధతి పనిచేస్తుందని తేలింది. ఆస్పర్‌జిల్లస్‌లో మొదట ఎంచుకున్నది బీజాలకు రంగునిచ్చే పీకేఎస్‌పీ జన్యువు. అది చెడితే నీలిపచ్చ కాలనీ తెల్లగా వస్తుంది. సూక్ష్మదర్శిని అవసరం లేకుండా, ప్లేట్ చూడగానే కత్తెర పడిందో లేదో తెలిసిపోతుంది. మా ల్యాబ్‌లో ఆ నీలిపచ్చ రంగు రోజూ చూస్తాను కాబట్టి, తెల్లటి కాలనీ ఫోటో మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను.

క్రిస్పర్‌కు ముందు కూడా జన్యువు మార్చేవాళ్ళు. కానీ ఆస్పర్‌జిల్లస్ మనం ఇచ్చిన ముక్కను సరైన చోట పెట్టుకోకుండా ఎక్కడో అక్కడ అతికించుకునేది. తెగిన డీఎన్ఏ కొసల్ని దొరికినట్టు కలిపేసే కేయూ80 అనే జన్యువును ముందే తీసేసిన ల్యాబ్ రకాలు 2006లో తయారయ్యాక పని సులువైంది. కానీ అది ల్యాబ్ ఫంగస్. ఆమె ఊపిరితిత్తిలోనుంచి తీసిన ఫంగస్‌కు కేయూ80 ఉంటుంది. 2017లో, ముందే కలిపి పెట్టుకున్న క్యాస్9, గైడ్ జంటతో, కొసల్లో కొద్దిపాటి పోలిక మాత్రమే ఉన్న డీఎన్ఏ ముక్కతోనే రోగుల నుంచి తీసిన మామూలు రకాల్లో కూడా నేరుగా మార్పు చేయొచ్చని చూపించారు. నాలాంటి వైద్యుడికి ఇది ముఖ్యం. రోగి ఫంగస్‌లో ఆ ఒక్క మార్పు తప్ప ఇంకా చాలా తేడాలుంటాయి. దాన్నే మార్చి చూస్తే వచ్చే జవాబు మాకు పనికొస్తుంది.

ఇలా మార్చి చూసిన ఉదాహరణలు నా ముందు కొన్ని ఉన్నాయి. 2018లో జపాన్ పరిశోధకులు సైప్51ఏలో 138వ స్థానంలో గ్లైసీన్‌కు బదులు సెరీన్ రావడం అజోల్ మొండితనానికి కారణమని క్రిస్పర్‌తో రుజువు చేశారు. అంతకుముందు 2007లో స్పెయిన్, నెదర్లాండ్స్ పరిశోధకులు పాత పద్ధతితోనే, టీఆర్34, ఎల్98హెచ్ ఈ రెండూ కలిసి ఆ మొండితనాన్ని తెస్తాయని తేల్చారు. ఒకటి జన్యువు ముందున్న స్విచ్‌లో 34 అక్షరాలు రెండోసారి రావడం, ఇంకొకటి ఎంజైమ్‌లో ఒక మార్పు. 2019లో ఇంకో సంగతి బయటపడింది. సైప్51ఏలో ఏ తేడా లేకపోయినా మందుకు లొంగని కొన్ని ఫంగస్‌లలో హెచ్‌ఎంజీ1 అనే వేరే జన్యువులో మార్పులున్నాయి. వాటిని మంచి ఫంగస్‌లో పెడితే అదీ మొండిదైంది. కాబట్టి సైప్51ఏ శుభ్రంగా ఉందని రిపోర్టు వస్తే, అంతటితో నిశ్చింతగా ఉండటానికి లేదు.

మరి మా రిపోర్టులోని ఎఫ్46వై, ఎం172వి, ఈ427కే? ఇవి మందుకు చక్కగా లొంగే ఫంగస్‌లలోనూ మామూలుగా కనిపించే తేడాలే. ఎంఐసీ కొద్దిగా పెరగొచ్చు. వాటంతట అవే మందును ఓడించాయనడానికి రుజువు లేదు. కొడుకు భాషలో చెప్పాలంటే, గీత పడ్డా నడుస్తున్న కెపాసిటర్లు.

అది విన్నాక అతను ఇంకో మాట అడిగాడు. చాలా మంచి ప్రశ్న. "మరి సార్, గట్లనే అమ్మ లోపట ఉన్న ఫంగస్ జీన్ కత్తిరించి సంపరాదా?" ఇప్పటికి కుదరదని చెప్పాను. ప్లేట్ మీద గోడ కరిగించి చేసే పనిని ఊపిరితిత్తి లోపల ఉండకట్టిన కోట్ల ఫంగస్ పోగులకు చేయలేం. ఒకటి మారి పక్కది మారకపోతే ఆ మిగిలిందే పెరుగుతుంది. ఇవాళ ఈ పద్ధతి మనకు ఏ మందు వాడాలో తెలుసుకోవడానికి పనికొస్తుంది. అది చాలా పెద్ద సాయం.

కవర్ బోర్లించాం

వారం తర్వాత ఎంఐసీ వచ్చింది. ఇట్రాకొనజోల్‌కు 0.5. ఒకటి వరకూ లొంగినట్టే లెక్క. టీఆర్34 రకాల్లో ఇది తరచుగా 16 దాటిపోతుంది. ఫంగస్ మందుకు లొంగుతోంది, మందు మాత్రం పని చేయడం లేదు. అంటే మందు ఫంగస్ దాకా చేరడం లేదు.

రక్తంలో ఇట్రాకొనజోల్ మోతాదు చూడమని పంపాను. కనీసం 0.5, వీలైతే 1 మిల్లీగ్రాము ఉండాలి లీటరుకు. ఆమెకు కొలిచేంత కూడా లేదు.

ఆ రోజు మొదటిసారి చెప్పాను, ఇంట్లో ఉన్న మందులన్నీ తీసుకురండి అని. బట్టల షాపు కవర్ ఒకటి తెచ్చింది. టేబుల్ మీద బోర్లిస్తే మొదట పడ్డవి ఇట్రాకొనజోల్ క్యాప్సూల్స్. తర్వాత గ్యాస్ గోలీల స్ట్రిప్‌లు మూడు. వాటి కింద, ఇటుక రంగు పెద్ద గోలీల స్ట్రిప్‌లు. చూడగానే గుండె గుభేల్‌మంది. రిఫాంపిసిన్ కలిసిన టీబీ గోలీలు.

మార్చిలో ఆ రాత్రి రక్తం పడినప్పుడు వాళ్ళు వెళ్ళిన చోట పాత ఎక్స్‌రే చూసి, మూడోసారి టీబీ కోర్సు పెట్టి పంపారు. ఆమె మా గోలీలూ వాళ్ళ గోలీలూ అన్నీ వేసుకుంటోంది. ఒక్కటీ వదలకుండా. రిఫాంపిసిన్ కాలేయంలో మందుల్ని విరిచే ఎంజైమ్‌లను ఎన్నో రెట్లు పెంచేస్తుంది. ఇట్రాకొనజోల్ రక్తంలోకి వచ్చింది వచ్చినట్టే కరిగిపోతుంది. ఏ ఛాతీ వైద్యుణ్ణి నిద్రలో లేపి అడిగినా ఇది చెబుతాడు. "మూత్రం ఎర్రగా వస్తోందా అమ్మా?" అని అప్పుడు అడిగాను. "వస్తుంది సారూ, మార్చి సంది వస్తుంది. వేడి చేసిందనుకున్న." ఏప్రిల్‌లో ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆమెకు రెండు నెలలు, బ్రాంకోస్కోపీ, ఆ టెన్షన్ అన్నీ తప్పేవి. ఇది నా తప్పు. నేను ఫంగస్ గురించి, పొలం గురించి ఆలోచించినంతగా ఆమె సంచి గురించి ఆలోచించలేదు.

ఇంకా ఉంది. ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ కడుపులో యాసిడ్ ఉంటేనే, తిండితో వేసుకుంటేనే సరిగా ఒంటబడుతుంది. ఆమె పొద్దున అయిదింటికి చాయ్ తాగి, ఉత్త కడుపు మీద ఒక గ్యాస్ గోలీ, దాని వెంటే ఇట్రాకొనజోల్ వేసుకుని కూలికి పోయేది. ఆటో ఆరింటికే వస్తుంది. సద్ది తినేది చేనులో తొమ్మిదింటికి. చీటీ మీద "ఆహారం తర్వాత" అని మేము రాసిన మాటను ఎవరూ ఆమెకు చదివి వినిపించలేదు.

ఈలోగా జనవరిలో పంపిన టీబీ కల్చర్ నెగెటివ్‌గా వచ్చింది. బ్రాంకోస్కోపీ ద్రవంలో సీబీనాట్ కూడా నెగెటివ్. టీబీ మందులు ఆపాం. రిఫాంపిసిన్ ప్రభావం పోవడానికి రెండు వారాలైనా పడుతుంది. గ్యాస్ గోలీ ఆపించాం. క్యాప్సూల్స్ సద్దితో పాటు చేనులోకే కట్టుకుపొమ్మన్నాం, రాత్రిది అన్నం తిన్న వెంటనే. అయిదో వారంలో మోతాదు 1.3.

జులైలో రక్తం చారలుగా మారింది. ఆగస్టు నుంచి అదీ లేదు. అక్టోబరుకు పాదాలు కొంచెం వాచాయి. ఇది ఇట్రాకొనజోల్‌తో వచ్చేదే. పొటాషియం, బీపీ, గుండె ఎకో చూసి, పొటాషియం కొద్దిగా తగ్గితే సరిచేశాం. మోతాదు తగ్గించాల్సిన పని రాలేదు. డిసెంబరుకు బరువు 43 కిలోలు, ఐజీజీ సగానికి దిగింది. సీటీలో ఉండ చిన్నదైంది, పూర్తిగా పోలేదు. పోతుందని నేను ఆశపెట్టను. ఆరు నెలలు వాడినవాళ్ళకంటే ఏడాది వాడినవాళ్ళలో జబ్బు తిరగబెట్టడం తక్కువని చండీగఢ్‌లో జరిగిన ట్రయల్ 2022లో తేల్చింది. అందుకే రిఫాంపిసిన్ ఆగిన రోజు నుంచి లెక్కపెట్టి ఏడాది వాడించాం.

ఈ కేసు తర్వాత మా ఓపీలో ఒక అలవాటు మారింది. ఫంగస్ మందు మీద ఉన్నవాళ్ళు ప్రతిసారీ కవర్ తెచ్చి బోర్లించాల్సిందే. నర్సు ఒక్కో స్ట్రిప్ పైకెత్తి "ఇది ఎప్పుడు వేస్తున్నవ్?" అని అడుగుతుంది. ఇట్రాకొనజోల్ మొదలైన రెండు వారాలకు రక్తంలో మోతాదు చూడకుండా ఎవరినీ వదలడం లేదు. జన్యు రిపోర్టు తెప్పించడం మానలేదు. కానీ ఎంఐసీ పక్కన లేకుండా దాన్ని రోగి చేతికి ఇవ్వొద్దని ల్యాబ్‌ను అడిగాను. రిపోర్టులో మార్పు పేరు పక్కన, అది మొండితనం తెస్తుందని మార్చి చూసి రుజువు చేశారా లేదా అని ఒక్క వాక్యం రాస్తే ఎందరికో రాత్రి నిద్ర దక్కుతుంది. ఆ మాట కూడా వాళ్ళకు రాశాను.

తాలు ఏరుడు మానెయ్యమని ఆమెకు చెప్పాను. ఈ సీజన్ మానేసింది. వచ్చే ఏడు సంగతి ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. కూలి డబ్బు అవసరం ఎంతో నాకు తెలుసు కాబట్టి గట్టిగా అనలేకపోయాను. పోవాల్సి వస్తే ముక్కుకు, నోటికి తడిగుడ్డ కాకుండా ఎన్95 మాస్క్ కట్టుకోమని నాలుగు ఇచ్చి పంపాను.

2025 జనవరిలో వచ్చినప్పుడు కొడుకు జేబులోంచి ఒక కాగితం తీశాడు. అమ్మ పనిచేసిన చేను గట్టున పడేసిన ఖాళీ డబ్బాల మీద పేర్లన్నీ చూసి రాసుకొచ్చాడట. ఏడు పేర్లు, వైండింగ్ షాపు బిల్లు వెనుక, బాల్ పెన్నుతో. "ఇండ్ల ఏవేవి సార్, అమ్మ గోలీకి అన్నదమ్ములు?"

మ్యాంకోజెబ్, కాపర్ ఆక్సీక్లోరైడ్, అజాక్సీస్ట్రోబిన్ వదిలేసి, మిగిలిన నాలుగింటికి టిక్ పెట్టి కాగితం తిరిగి ఇచ్చాను. అతను దాన్ని మడిచి, అమ్మ పాత టీబీ కార్డున్న ప్లాస్టిక్ కవర్లో పెట్టాడు.